ఒక్క పొగగొట్టం మీద ఊరు నిలవదు
(ప్రసంగ పాఠం)



కాగజ్‌నగర్ పేరులోనే కాగితం ఉన్నది. నిజాం కాలంలో కొత్తపేట అనే పల్లె దగ్గర సిర్పూర్ పేపర్ మిల్లు పెడితే, ఊరే పేరు మార్చుకున్నది. 2014లో, మనం తెలంగాణ తెచ్చుకున్న ఏడాదే, ఆ మిల్లు మూతపడ్డది. జీతం ఆగింది కార్మికునికే కాదు. చాయ్ హోటల్, కిరాణం, ఇంటి కిరాయి, పిల్లల ఫీజులు, అన్నిటికీ దెబ్బే. 2018లో జేకే పేపర్ చేతికి పోయినంక మిల్లు మళ్లీ తెరుచుకున్నది. సంతోషమే.

కానీ మేం అడిగేది వేరు. ఆ నాలుగేండ్లు ఊరికి ఇంకో బతుకుదెరువు ఎందుకు లేకపాయె? రైలెక్కితే వచ్చే బెల్లంపల్లిలో బొగ్గుబాయిలు మూతపడి పట్నం ఎట్ల చిన్నబోయిందో అప్పటికే చూసి ఉన్నం గదా! కాగితం తయారయ్యే ఊర్లె నోటుబుక్కులు కుట్టే షెడ్లు, అట్టపెట్టెల యూనిట్లు గల్లీకొకటి ఎందుకు ఉండొద్దు? బాయిలర్ పని, మిషన్ల మరమ్మతు మన పిల్లలకు నేర్పకుంటే గేటు లోపల బయటోళ్లు, గేటు కాడ కావలికి మనోళ్లు. నియామకాల కోసం లాఠీలు తిన్నది దీనికేనా?

పారిశ్రామికవాడ అంటే కంచె, శిలాఫలకం కాదు. కరెంటు, రోడ్డు, మురుగునీటి శుద్ధి, చిన్న యూనిట్లకు బ్యాంకు అప్పు ముందుగల్ల రావాలె. మున్సిపల్ బడ్జెట్ పెట్టే నాడు మేం పోయి ఈ నాలుగింటి లెక్కే అడుగుతం. మీరూ రాండ్రి.