వలస అనే మాట మీద నా అభ్యంతరం



నా చేత పరిశోధన చేయించిన మాస్టారి పేరున జరిగే స్మారకోపన్యాసం ఈ ఏడు నన్ను ఇమ్మన్నారు. కాదనలేదు. ఆయన పాండిత్యాన్ని నేను కొత్తగా పొగడనక్కర్లేదు, ఆయన పుస్తకాలు మీ ఇళ్లలో ఉన్నాయి. ఒక్క సంగతే చెప్తాను. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్నప్పుడు నా రాతప్రతిలో బస్తర్ నుంచి మన వైపు వచ్చిన కోయలను ‘తరిమివేతకు గురైనవారు’ అని రాసిన ప్రతిచోటా ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసి ‘వలస వచ్చినవారు’ అని దిద్దారు. లెక్కపెట్టాను, నలభై ఒక్క చోట్ల. ఆ మాట మీద ఏళ్ల తరబడి వాదించుకున్నాం. జబ్బుపడి మంచాన ఉన్నప్పుడు పరామర్శకు వెళ్తే, ముందు పుస్తకం వెయ్యి, తరవాత మాట్లాడుకుందాం అన్నారు. వెయ్యకముందే వెళ్లిపోయారు. ఆ బాకీ ఇవాళ ఆయన పేరు మీదే తీర్చుకుంటున్నాను.

కరపత్రంలో నా విషయం ‘చరిత్రలో జాతుల హననం’ అని వేశారు. నాజీలు చంపిన అరవై లక్షల యూదుల గురించి, 1975–79 కంబోడియా గురించి, 1994లో వంద రోజుల్లో రువాండాలో జరిగిన దాని గురించి మీరు చదివే ఉంటారు, మళ్లీ చెప్పను. రెండు సంఘటనల దగ్గర మాత్రం ఆగుతాను. 1904లో నైరుతి ఆఫ్రికాలో జర్మన్ సేనలు హెరెరో జనాన్ని ఒమహెకె ఎడారిలోకి తోలాయి. 1915లో ఒట్టోమన్ ప్రభుత్వం అర్మేనియన్లను సిరియా ఎడారి దిశగా నడిపించింది. తుపాకీ మిగిల్చినవాళ్లను దారి, దాహం తీసుకుపోయాయి. ఊరి నుంచి వెళ్లగొట్టడం ఒక్కోసారి చంపడంలో మొదటి మెట్టు. చట్టం ఈ మెట్టును ఏమని పిలిచిందన్నదే నా ప్రశ్న.

రఫాయెల్ లెమ్‌కిన్ 1944లో జాతి హననానికి ఇంగ్లీషులో ఒక పేరు పుట్టించాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి దాని మీద ఒడంబడికను ఆమోదించింది. అందులో నేరమయ్యే పనులు ఐదు. ఆ ముసాయిదా చర్చల్లో సిరియా ఆరోది చేర్చమంది: ఒక జనాన్ని ఇళ్లు వదిలిపోయేలా చేసే చర్యలు కూడా ఇందులోకే రావాలని. వోటుకు పెడితే వీగిపోయింది. మన దేశం ఆ ఒడంబడికను 1959లో ధ్రువీకరించింది కాని దానికోసం ప్రత్యేకంగా చట్టం చెయ్యలేదు. జనాన్ని బలవంతంగా తరలించడాన్ని మానవాళిపై నేరంగా లెక్కించే 1998 రోమ్ శాసనంలో మనం చేరనే లేదు. ఇలా ఊరు ఖాళీ చేయించడానికి మన చట్టంలో తగిన పేరు లేకుండా పోయింది. పేరు లేని చోట ‘వలస’ వచ్చి కూర్చుంది.

ఇప్పుడు మన అడవికి వద్దాం. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని అప్పటి దంతెవాడ జిల్లాలో, మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలైంది. ఆరు వందలకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు చేర్చారు, మిగిలినవారు అడవిలోకో, సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల్లోకో పారిపోయారు. ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లో పెట్టే ఈ పద్ధతి కొత్తది కాదు. 1950లో మలయాలో బ్రిటిష్ సేనాని బ్రిగ్స్ పేరున నడిచిన పథకం ఇదే. ఇవే గోదావరి అడవుల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టడాన్ని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్యగారు తెలంగాణ పోరాట గ్రంథంలో రాశారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆదివాసీ యువకుల చేతికి తుపాకీ ఇచ్చి ప్రత్యేక పోలీసులుగా పోరుకు పంపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది సరే. పారిపోయి వచ్చినవాళ్ల పేరు మాత్రం మారలేదు.

దీన్ని నేను జాతి హననం అనడం లేదు. ఒక జాతిని జాతిగా రూపుమాపాలన్న ఉద్దేశం రుజువు కావాలని చట్టం అంటుంది, ఆ మాటను పలచన చేస్తే అసలైన చోట అది పనికిరాదు. నేను అడిగేది ఇంతకంటే చిన్నది: వలస అనవద్దు.

మాస్టారి వాదాలు మూడు. మొదటిది, కోయలు శబరి నదికి అటూ ఇటూ ఎప్పుడూ ఉన్నారు, పిల్లనిచ్చి పుచ్చుకున్నారు, రావడం పోవడం మామూలే అన్నది. నిజమే. భద్రాచలం ప్రాంతం 1860 దాకా నిజాం ఏలుబడి, తరవాత సెంట్రల్ ప్రావిన్సెస్, 1874 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం పేరున చింతూరు, కూనవరం, వి.ఆర్. పురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. జనం ఉన్నచోటనే ఉన్నారు, గీతలే వాళ్ల మీదుగా నడిచాయి. అంతా ఒకే నేల అయితే వలస అన్న మాటే పుట్టదు. వేరు నేల అంటే, ఎందుకు దాటారో చెప్పక తప్పదు. రెండూ ఒకేసారి అనడం కుదరదు.

రెండోది మిరప వాదం. బస్తర్ వాళ్లు ఏటా మన మిరప తోటల్లోకి కాయ ఏరడానికి వస్తారు కదా, వీళ్లూ అంతే అన్నారాయన. ఈ వాదం బలమైనదే, అందుకే దీని దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. మిరప కూలి సంక్రాంతి దాటాక వస్తాడు, ఎండలు ముదిరేసరికి పోతాడు. ముసలివాళ్లను, పశువులను ఇంటి దగ్గర ఉంచి వస్తాడు. అతని ఇంటికి కప్పు ఉంటుంది, గాదెలో విత్తనం ఉంటుంది. 2005 వానల్లో వచ్చినవాళ్ల సంగతి వేరు. తొలకరి పడ్డాక, విత్తే రోజుల్లో సేద్యగాడు ఊరు వదలడు. తల్లిదండ్రుల్ని వీపున మోసుకుని, చేతిలో గింజ లేకుండా వచ్చినవాణ్ణి కూలికి వచ్చాడనడం సేద్యం తెలిసినవాళ్లు అనదగ్గ మాట కాదు.

మూడోది, వాళ్లు రెండు వైపుల వాళ్లకూ భయపడి వచ్చారన్నది. అదీ నిజమే. ఇన్‌ఫార్మర్లన్న ముద్రతో మావోయిస్టులు ఆదివాసులను చంపారు, దాన్ని దాచేవాడితో నాకు స్నేహం లేదు. కాని ఇద్దరు తరిమితే ఒక్కరూ తరమనట్టు అవుతుందా?

ఒక్క మాట కోసం ఇంత పట్టుదల ఎందుకని మీరు అడగవచ్చు. షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రానికో తీరు. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీ అయినవాడు సరిహద్దు దాటితే ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ దొరకడం కష్టం. ‘గుత్తి కోయ’ అన్న పేరు కూడా ఇలా వచ్చినవాళ్లను మనం పిలిచే పేరే, వాళ్లు తమను కోయతోర్ అనుకుంటారు. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజ్ అధికారిని దారుణంగా చంపారు. ఆ చావు ఆ కుటుంబానికి తీరని నష్టం. చేసినవారికి శిక్ష పడాల్సిందే. కాని వెంటనే బెండాలపాడు పంచాయతీ నిందితులు ఉండే గుత్తి కోయల గూడేన్నే వెళ్లగొట్టాలని తీర్మానం చేసింది. నిలవ నీడ లేక వచ్చినవాణ్ణి వలసదారు అంటే, వెళ్లిపొమ్మనడానికి నోరు సులువుగా వస్తుంది.

చివరిగా నా పని గురించి. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమిలో ఉన్నవారికే పట్టా అంటుంది. ఇది వింటే ఇలా వచ్చినవాళ్ల గూడేలకు దారి మూసుకుపోయినట్టే ఉంటుంది. అదే చట్టంలో సెక్షన్ 3(1)(ఎం) ఉంది: ఆ తేదీకి ముందు పునరావాసం లేకుండా అక్రమంగా వెళ్లగొట్టబడినవారికి పునరావాస హక్కు, ప్రత్యామ్నాయ భూమితో సహా. సల్వా జుడుం మొదలైంది జూన్‌లో. ఆ తేదీకి ఆరు నెలల ముందు. వలస వచ్చినవాడికి ఈ సెక్షన్ వర్తించదు, వెళ్లగొట్టబడినవాడికి వర్తిస్తుంది. మాస్టారి పెన్సిల్ కొట్టేసింది సరిగ్గా ఈ తేడానే.

అందుకే నాలుగేళ్లుగా ఆ గూడేలు తిరుగుతూ ఒక చిట్టా రాస్తున్నాను. ప్రతి ఇంటికి మూడు గడులు: విడిచిన ఊరి పేరు, వెంట వచ్చినవారు, వదిలిన కాలం. తేదీలు ఎవరికీ గుర్తుండవు. విత్తనాల పండుగకు ముందా, తరవాతా అని అడిగితే మాత్రం ముసలమ్మలు తడుముకోకుండా చెప్తారు. ఆ జవాబే రేపు ఐటీడీఏ ఆఫీసులో సాక్ష్యం కావాలి. మీ గూడెం పక్కన ఉన్న గూడేనికి వెళ్లండి, అడగండి, రాసి పంపండి. ముసలివాళ్లు వెళ్లిపోతున్నారు.

మాస్టారు పుస్తకం వెయ్యమన్నారు. వేస్తున్నాను. అందులో ఆ నలభై ఒక్క చోట్లా నా మాటే ఉంటుంది.