శాకాహారము – బి విటమినులు – హోమోసిస్టీను
(వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున చదివిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు పెద్దలు ప్రసంగించిన ఈ వేదికమీద, అన్నమును గూర్చియు రక్తమును గూర్చియు మాటాడుమని కార్యవర్గమువారు మమ్ము ఆజ్ఞాపించిరి. విషయము క్రొత్తది, పేరు నోరు తిరుగనిది. అయినను మన వంటయిండ్లకు మిక్కిలి చేరువైనది గావున సావధానులై యాలింప వేడుచున్నాము.

తరతరములుగా మనది శాకాహారపు కులము. ఆ యాచారమును విడువుమని చెప్పుటకు మేమిచ్చటికి రాలేదు. ఆచారమును నిలుపుకొనుచునే ఆరోగ్యమును నిలుపుకొనుటకు చేయవలసిన దొకటి కలదు. దానిని విన్నవించుటకే వచ్చితిమి.

ముందుగా మా యింట జరిగినది చెప్పెదము. మా మేనత్తగారు డెబ్బదియేండ్లు దాటిన పూర్వసువాసిని. ఒంటిపూట భోజనము. ఇంట పాలు మనుమలకు, గడ్డపెరుగు అల్లురకు, తనకు నీళ్లమజ్జిగ. ఒక యేడు ఆమె మొగము పాలిపోయి, నాలుక యెఱ్ఱబడి మండసాగెను. చూచిన వైద్యుడు రక్తహీనత యని ఫోలిక్ ఆమ్లపు మాత్రల నిచ్చెను. రెండు మాసములలో మొగము తేటపడెను, మేమందఱము సంతోషించితిమి. కాని పాదములు తిమ్మిరెక్కుచున్నవనియు, దూదిమీద నడచినట్లున్నదనియు ఆమె చెప్పుచునే యుండెను. వయోధర్మమని మేమును, వాతమని ఇరుగుపొరుగువారును తలచి తైలములు మర్దించితిమి. ఏడాదిన్నర గడచినపిదప ఒక రాత్రి చీకటిలో తూలిపడి, తుంటియెముక విఱిగినప్పుడు గాని రక్తపరీక్ష చేయింప మాకు తోచలేదు. బి12 విటమిను మిక్కిలి తక్కువగాను, హోమోసిస్టీను మిక్కిలి హెచ్చుగాను ఉండెను. సూదిమందుతో నీరసము పోయెను, నాలుక మంట పోయెను. పాదముల తిమ్మిరి మాత్రము పూర్తిగా పోలేదు. ఆలస్యము చేసినవారము మేము, అనుభవించినది ఆమె.

ఇంతకు హోమోసిస్టీను అననేమి? మనము తిను మాంసకృత్తులలో మెథియొనీను అను నొక పదార్థము కలదు. దేహము దానిని వాడుకొనినపిదప అది హోమోసిస్టీనుగా మిగులును. ఇది భోజనానంతరపు ఎంగిలిపాత్ర వంటిది. పాఱవేయదగినది కాదు, తోమి మరల వాడుకొనవలసినది. ఫోలిక్ ఆమ్లమును, బి12ను కలిసి దానిని మరల మెథియొనీనుగా మార్చును. బి6 విటమిను దానిని వేఱొక త్రోవను సిస్టీనుగా మార్చును. ఈ పనివారిలో ఎవ్వరు రాకున్నను పాత్రలు పెరటిలో పేరుకొనును. సామాన్యముగా రక్తమున లీటరుకు 5 మొదలు 15 మైక్రోమోలుల వఱకు ఉండుట సహజము. అంతకు మించినచో కారణము వెదకవలెను.

ఈ పదార్థమును 1932లో అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు విన్సెంట్ డు విన్యో కనుగొనెను. 1969లో కిల్మర్ మెకల్లీ యను వైద్యుడు, పుట్టుకతోనే హోమోసిస్టీను పేరుకొను వ్యాధిచే మరణించిన ఇద్దఱు పసివారి రక్తనాళములు వృద్ధుల నాళములవలె గట్టిపడి యుండుట గమనించి, గుండెజబ్బునకు ఇదియే మూలమేమో యని శంకించెను. పెక్కేండ్లు ఆ మాట నెవరును లక్ష్యపెట్టలేదు. తరువాత గుండెజబ్బును పక్షవాతమును కలవారియందు హోమోసిస్టీను హెచ్చుగా నుండుట పలుచోట్ల కనబడగా, బి విటమినులతో దానిని తగ్గించినచో గుండె నిలుచునని లోకమంతయు ఆశపడెను.

అయితే పరీక్ష ఆశను మన్నింపదు. 2006లో నార్వేయందు 3,749 మందిపైనను, మఱియొక బహుదేశ పరిశోధనలో 5,522 మందిపైనను చేసిన ప్రయోగముల ఫలితములు వెలువడెను. విటమినులచే హోమోసిస్టీను తగ్గెను గాని గుండెపోట్లు తగ్గలేదు. రెండవ దానిలో పక్షవాతము కొంత తగ్గినట్లు కనబడెను. చైనాలో రక్తపోటు గల 20,702 మందిపై జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో, రక్తపోటు మందుతోపాటు ఫోలిక్ ఆమ్లమును పుచ్చుకొన్నవారికి, రక్తపోటు మందు మాత్రమే పుచ్చుకొన్నవారికంటె పక్షవాతము నూటికి 21 పాళ్లు తక్కువగా వచ్చెను. ఆకుకూరలచే గాని, పిండిలో కలుపుటచే గాని ఫోలిక్ ఆమ్లము చాలినంత లభింపని వారికి అది మేలు చేయునని దీనివలన ఊహింపవచ్చును.

మన తర్కశాస్త్రము చదివినవారికి పొగయు నిప్పును తెలిసినవే. హోమోసిస్టీను పొగ వంటిది. పొగను విసనకఱ్ఱతో తోలినంతమాత్రమున నిప్పు ఆఱదు; పొగను చూచియు నిప్పును వెదకకుండుట అంతకంటె తెలివితక్కువ. ఆ నిప్పు మూత్రపిండముల జబ్బు కావచ్చును, థైరాయిడు మాంద్యము కావచ్చును, పొగత్రాగుట కావచ్చును. మనవంటి శాకాహారులయందు మాత్రము ముందుగా శంకింపవలసినది బి12 కొఱత.

ఈ విద్యతో మన దేశమునకును, మన భాషవారికిని గల సంబంధము చిన్నది కాదు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారముతో అది కుదురునని 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణమే తరువాత ఫోలిక్ ఆమ్లముగా తేలినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు యౌవనమున స్ప్రూ అను వ్యాధిచే సోదరవియోగమునకు గుఱియై, అమెరికాకు పోయి, లెడర్లీ పరిశోధనాలయమునందు పరిశోధకుల నడిపింపగా, 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. స్ప్రూ వ్యాధికే అది మందైనది. వారు పరమపదించిన 1948వ సంవత్సరముననే బి12 విటమిను శుద్ధరూపమున వేఱుచేయబడెను.

ఫోలిక్ ఆమ్లమునకు మన పెరడే గని: తోటకూర, పాలకూర, పెసలు, సెనగలు. ఎక్కువసేపు ఉడికించి నీరు వార్చకున్న చాలును. బి6 అరటిపండునను, సెనగలందును, దంపుడుబియ్యమునను కలదు. బి12 మార్గము వేఱు. దానిని కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే సృజింపగలవు. ఆవు కడుపున వసించు సూక్ష్మజీవులు చేసినది పాలలోనికి వచ్చును. ఆకునందు లేదు, గింజయందు లేదు. నేతియందు లెక్కింపదగినంత లేదు. పులియబెట్టిన ఇడ్డెనపిండిని నమ్ముకొనుటకు వీలులేదు. ఆవుపాలలో నూఱు గ్రాములకు సుమారు 0.4 మైక్రోగ్రాము ఉండును. పెద్దవారికి దినమునకు రెండు మైక్రోగ్రాములకు కొంచెము పైగా కావలెను. దీనిని బట్టి నీళ్లమజ్జిగ ఎంతవఱకు ఆదుకొనునో మీరే లెక్కవేసికొనుడు.

ఫోలిక్ ఆమ్లము విరివిగా నుండి బి12 లేనిచో వచ్చు కీడు మా మేనత్తగారియందు చూచితిమి: రక్తము బాగుపడును, నరములు లోలోపల చెడును. పూనాచుట్టునున్న గ్రామములలో 1993లో ఆరంభమైన పరిశోధనలో, గర్భకాలమున ఫోలిక్ ఆమ్లము హెచ్చుగాను బి12 తక్కువగాను గల తల్లుల బిడ్డలకు ఆఱవయేటనే ఇన్సులిను సరిగా పనిచేయకుండు లక్షణము హెచ్చుగా కనబడినదని 2008లో ప్రకటింపబడినది. అంతమాత్రమున గర్భిణీస్త్రీలు ఫోలిక్ ఆమ్లమును మానరాదు. శిశువుల వెన్నుపాము లోపముల నది చాలవఱకు నివారించునని 1991లో ఋజువైనది. మానవలసినది ఫోలిక్ కాదు, చేర్చవలసినది బి12.

కావున మా మనవి యిది. అఱువదియేండ్లు దాటినవారును, మధుమేహమునకు మెట్‌ఫార్మిను వాడువారును, కడుపుమంటకు చిరకాలముగా మాత్రలు మ్రింగువారును, గర్భిణులును, పాలిచ్చు తల్లులును వైద్యునడిగి బి12 పరీక్ష చేయించుకొనవలెను. ఫలితము అనుమానాస్పదమైనచో హోమోసిస్టీను పరీక్ష సాక్ష్యమిచ్చును. తిమ్మిరి, తూలుట, మఱపు, నాలుకమంట – వీనిని వయోధర్మమని త్రోసివేయరాదు. మాత్రగా దొరకు బి12 సూక్ష్మజీవులనుండి తీయబడునది. తీసికొనుటకు ముందు అందు కలిసిన తక్కిన పదార్థములను, గొట్టపుమాత్ర తొడుగును చూచుకొనిన మన ఆచారమునకు భంగము రాదు.

ఇక సంఘమువారికి రెండు విన్నపములు. మన విద్యార్థివసతిగృహమున రాత్రిభోజనమునకు పోయుచున్న పలుచని మజ్జిగకు బదులు, ప్రతి విద్యార్థికిని దినమునకు అరలీటరు పాలో పెరుగో అందునట్లు దాతలు శాశ్వతనిధి నేర్పఱుపవలెను. ప్రతి వార్షికసభయందును వృద్ధులకు రక్తపరీక్ష ఉచితముగా జరుపవలెను. కల్యాణమండపమునకు చలువరాళ్లు పఱపించిన ఉదారులకు ఇది భారము కానేరదు.

ఇంట మిగిలినదే తిను తల్లిని పూజింతుము; ఆమె విస్తరిలో ఏమి మిగిలెనో చూడము. ఈ సభనుండి ఇండ్లకు పోయిన రాత్రి, ముందుగా ఆమెకు ఒక గిన్నెడు గడ్డపెరుగు వడ్డింపుడు. పాదములు తిమ్మిరెక్కుచున్నవా అమ్మా యని యడుగుడు. ఆమె యేమి చెప్పునో ఓపికగా వినుడు. మేము సకాలమున చేయని పని అదియే.