మూషిక ఋణము

ఏటేట ఈ వేదికమీద మేము కావ్యమును గూర్చియో వ్యాకరణమును గూర్చియో ముచ్చటించుట మీ రెరుగుదురు. ఈ యేడు ఎలుకను గూర్చి మాటలాడ బూనితిమి. నవ్వకుడు, కారణము కలదు.

మన సంఘములోని యొక బాలిక, మా పూర్వశిష్యురాలి కూతురు, జీవశాస్త్రమున పట్టము పొంది హైదరాబాదున నొక పరిశోధనాలయమున ఉద్యోగము సంపాదించినది. అచట ఎలుకలకు వైరసు రోగములను కలిగించి, వాటి తీరును కనిపెట్టి, మందులను పరీక్షింతురు. ఈ మాట వినగానే ఇంటి పెద్దలు, జీవహింసతో వచ్చు కూడు మన కేల యని అడ్డుపడిరి. తల్లి మా యింటికి వచ్చి, "మాస్టారూ, మీరు శాస్త్రాలు చదివినవారు, తప్పో ఒప్పో మీరే చెప్పండి" అని యడిగినది. ఆ దినమున మేము బదులు చెప్పలేకపోతిమి. తరువాత చదివి తెలిసికొన్నదానిని నేడు మీ యెదుట పెట్టుచున్నాము.

2003వ సంవత్సరము వేసవి చివరను మన రాష్ట్రమున పిల్లలకు వచ్చిన జ్వరము మీలో కొందరికి జ్ఞాపకముండును. ఉదయమున ఆడుకొన్న బిడ్డకు జ్వరము, వాంతులు, ఫిట్సు. పిమ్మట స్మారకము తప్పుట. ఆసుపత్రిలో చేర్చిన యొక్క దినములోపలనే పలువురు పోయిరి. కరీంనగరము, వరంగల్లు ప్రాంతములు మిక్కిలి దెబ్బతిన్నవి. 329 మంది పిల్లలకు వ్యాధి సోకగా 183 మంది మరణించిరి. మొదట దీనిని జపాను మెదడువాపు అని యనుమానించిరి. పూనాలోని జాతీయ వైరస్ సంస్థవారు శోధించి చండీపురా వైరసు అని తేల్చిరి. అది 1965లో నాగపురము చెంత చండీపురా గ్రామమున జ్వరపీడితుల రక్తమునందు దొరకినది. దానివలన ఇంతటి ప్రమాదము కలుగునని అప్పట్లో ఎవ్వరును తలపలేదు.

ఆ వైరసు పిల్లలనే యేల చంపుచున్నది? ఇక్కడనే ఎలుక మనకు పాఠము చెప్పినది. పాలుత్రాగు ఎలుకపిల్లకు ఈ వైరసును సూదితో ఎక్కించినచో అది మెదడున కెక్కి పిల్ల చచ్చును. ఎదిగిన ఎలుకకు చర్మముక్రిందనో కడుపునందో ఎక్కించినచో దానికేమియు కాదు; నేరుగా మెదడులోనికి ఎక్కించిననే చచ్చును. అనగా మన యిండ్లలో జరిగినదే ఆ చిన్న ప్రాణియందును జరుగుచున్నది: పెద్దవారు తప్పించుకొందురు, పసివారు పోవుదురు. ఏ దారిని వైరసు మెదడును చేరును, ఏ వయస్సున ఆ దారి మూసికొనును అనునది బిడ్డలమీద పరీక్షించి తెలిసికొన రాదు గదా.

శిబిచక్రవర్తి కపోతమును కాపాడుటకై తన మాంసమును కోసి తూచి యిచ్చెను. ఆ కథను మేము ముప్పదియేండ్లు పిల్లలకు చెప్పితిమి. ఇచట త్రాసు తిరుగబడినది. మన బిడ్డలకై మూషికము తన ప్రాణమును తూచి యిచ్చుచున్నది. పైగా దాని నెవ్వరును అడుగలేదు. కావున దీనిని పుణ్యకార్యమని మేము చెప్పజాలము. ఋణమని చెప్పుదుము. ఋణము చేసినవాడు లెక్క వ్రాయవలెను. ఆ లెక్కను 1959లో రస్సెల్, బర్చ్ అను ఆంగ్ల పండితులు చక్కగా వ్రాసిరి: ప్రాణి లేకయే పని సాగినచో ప్రాణిని ముట్టరాదు, ముట్టక తప్పనిచో సంఖ్య తగ్గింపవలెను, బాధ తగ్గింపవలెను. మన దేశమునందును 1960లో జంతువులపట్ల క్రూరత్వమును నివారించు చట్టము వచ్చినది.

ఎలుక చెప్పినదంతయు మనిషికి వర్తించునా? వర్తింపదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు సాధారణపు ఎలుకకు ఆ వైరసు సోకనే సోకలేదు. మనుష్య కణములమీద ఆ వైరసు పట్టుకొను పిడి యొకటి కలదు. ఎలుకయందలి పిడి దానికి సరిపడలేదు. మనుష్య జన్యువును చేర్చిన ఎలుకలను, సిరియా హామ్‌స్టరులను, కోతులను ఆశ్రయింపవలసివచ్చెను. హైదరాబాదు భారత్ బయోటెక్ వారి కోవాక్సిన్ టీకాను హామ్‌స్టరులమీదను, 20 కోతులమీదను పరీక్షించిరి. టీకా పొందిన కోతుల ఊపిరితిత్తులలో న్యుమోనియా కానరాలేదు. ఇక చండీపురా మాట: పూనా సంస్థవారు 2011లో ఒక టీకాను ఎలుకలయందు పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. అది నేటికిని మన పిల్లల చేతికి రాలేదు. 2024లో గుజరాతున మరల పిల్లలు పోయిరి. ఎలుకనుండి మనిషివరకు దారి యెంత దూరమో దీనివలన తెలియును. ఆ దారిని నడుచువారు చాలరనియు తెలియును.

మన్యమునకు దీనితో నేమి పని యందురా? ఈ వైరసును మోయునది ఇసుక యీగ. దోమకంటె చాల చిన్నది, దూరము ఎగురలేక గెంతుచున్నట్లు ఎగురును. మట్టిగోడల పగుళ్లలోను, పశువులశాల చెమ్మనేలయందును కాపురముండును. కరీంనగరమున పట్టిన ఇట్టి యీగలయందు చండీపురా వైరసు కనబడినది. ఆంధ్రదేశపు పశువుల రక్తమునందును అది సోకిన గుర్తులు దొరకినవి. పార్వతీపురమునుండి కొండ యెక్కి చూడుడు: గోడ మట్టిది, గోడ కావల పశువు, ఈవల ఉయ్యాల. పగుళ్లు పూడ్చుటకును, శాలను ఇంటికి దూరముగా కట్టుటకును ఏ టీకాకొరకును వేచియుండ నక్కరలేదు. పోషక మహాశయులు సత్రములకు సున్నము కొట్టించునప్పుడు రెండు బండ్ల సున్నము ఈ గోడలకును పంపిన బాగుండును. మన సంఘమువారి గోడలకు మాత్రమే యని మే మనుట లేదు. ఈగ కులమడిగి కుట్టదు.

తల్లితో మేము చెప్పినది యింతే: పంపుడు. అయితే అచట ఎన్ని ఎలుకలు, ఏల, బాధ తగ్గించుట కేమి చేయుదురు అని మొదటి దినముననే అడుగుమని బిడ్డకు చెప్పుడు. అడిగినందుకు కోపపడు చోటైనచో తిరిగి రమ్మనుడు. ఆ చిరంజీవి శ్రావణమున బయలుదేరుచున్నది. తాతగా రింకను సమ్మతింపలేదు. రైలు స్టేషనునకు మాత్రము వత్తునన్నారట.