పరాయి యింట మొహమాటము



ఈ సంఘమునకు చెందిన కుటుంబములలో బిడ్డలను చదువులకై విదేశములకు పంపినవి కొన్ని, పంపబోవునవి మరికొన్ని కలవు. ప్రయాణమునకు ముందు జరుగు హడావిడి యంతయు పాస్‌పోర్టు, వీసా, బ్యాంకు ఋణము, ఉన్నిబట్టలు, ఆవకాయ సీసా, వీని చుట్టును తిరుగుచుండును. అచ్చట నొక కుటుంబముతో కలిసి యుండవలసి వచ్చినచో ఆ యింటివారితో నెట్లు మెలగవలెనను ప్రశ్న విమానాశ్రయమున వీడ్కోలు చెప్పువేళకు గాని ఎవరికిని జ్ఞప్తికి రాదు. ఈ విషయమున మన దేశపు మహనీయు లిరువురు తమ ఆత్మకథలలో దాపరికము లేక వ్రాసియుంచిన సంగతులు మిక్కిలి ఉపయోగకరములు.

1888 సెప్టెంబరులో బొంబాయియందు ఓడ నెక్కునాటికి మోహన్‌దాస్ గాంధీకి పందొమ్మిదియేండ్లు నిండలేదు. లండనులో హోటలునకు చేరిన దినముననే డాక్టరు ప్రాణ్‌జీవన్ మెహతా చూడవచ్చెను. మాటల నడుమ గాంధీ ఆయన టోపీని చేతిలోనికి తీసికొని, దాని నూగును ఎదురుగా నిమిరి చెరిపెను. మెహతాకు కొంచెము కోపము వచ్చెను. అదియే మొదటి పాఠమైనది. పరుల వస్తువులను ముట్టరాదు, పరిచయమైన వెంటనే ప్రశ్నలు వేయరాదు, బిగ్గరగా మాటలాడరాదు, ఎదుటివారిని ‘సర్’ అని సంబోధింపరాదు. ‘సర్’ లేనిదే వాక్యము పూర్తికాని కార్యాలయములలో జీవితము గడుపువారికి ఈ చివరి మాట మింగుడుపడుట కష్టమే! ఇంగ్లండు వచ్చినది చదువుకంటె ముఖ్యముగా అచ్చటి జీవితమును, ఆచారములను తెలిసికొనుటకు గావున ఒక కుటుంబములో నుండుట అవసరమని మెహతా అభిప్రాయము.

కొన్నాళ్ళకు వెస్ట్ కెన్సింగ్టనులో ఒక వితంతువు ఇల్లు కుదిరెను. మాంసము ముట్టనని తల్లికిచ్చిన మాటను గాంధీ ఆమెకు ముందుగనే చెప్పెను. ఆమెయు తగినట్లు చూచుకొందునని హామీ ఇచ్చెను. ఐనను కడుపు నిండలేదు. ఉడికించిన కూరలకు రుచి లేదు. వడ్డించినదానికంటె అధికముగా నడుగుటకు సిగ్గు. ఆమె కుమార్తెలిద్దరు పట్టుబట్టి ఒకటి రెండు రొట్టెముక్కలు ఎక్కువ వేయుచుండిరి. ఆయనకు కావలసినది రొట్టె మొత్తమని పాపము వారికేమి తెలియును?

ఈ సిగ్గునకు తెలుగున మొహమాటమని పేరు. మన యిండ్లలో అది దోషము కాదు సరికదా, ఒక శోభ. విస్తరిముందు వద్దు వద్దనుట అతిథి ధర్మము. విననట్లు నటించి మరల వడ్డించుట గృహిణి ధర్మము. ఈ ఒడంబడిక లేనిచోట వద్దన్నచో వద్దనియే అర్థము; గిన్నె లోనికి పోవును. అడుగనిదే అమ్మయినను పెట్టదన్న సామెత మనదే యైనను, పరాయి యింట దానిని పాటించుటకు మనవారికి నోరు రాదు. నేటి విద్యార్థి చేతిలో ఫోను కలదు. గది తలుపు వేసికొని, కడుపు నిండలేదని తెలుగున తల్లితో చెప్పుకొనును. వేల మైళ్ళ దూరమున ఆమెకు అన్నము సయించదు. క్రింది యంతస్తులోనున్న గృహిణికి మాత్రము ఆ సంగతి తెలియనే తెలియదు. తెలిసిన మరునాడే ఆమె సరిదిద్దగలదు. గాంధీ ఆకలి తీరినది ఆ యింట కాదు. దినమునకు పది పండ్రెండు మైళ్ళు నడచి వెదకగా ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహారశాల కనబడిన నాడు.

ఖర్చు సంగతియు నొకటి కలదు. ఇంటివారిని అప్పుడప్పుడు బయట విందునకు తీసికొనిపోవుట, బండి కూలి ఇచ్చుకొనుట మర్యాద. బయట తిన్న పూటకు వారపు బిల్లులో తగ్గింపు లేదు. ప్రతి పైసకును లెక్క వ్రాయు గాంధీ తుదకు వేరుగా గదులు తీసికొనెను.

అతిథికి బెరుకున్నట్లే గృహస్థులకును ఉండును. దీనికి సాక్ష్యము రవీంద్రనాథుని అనుభవము. 1878లో పదునేడేండ్ల ప్రాయమున ఆయన ఇంగ్లండు వెళ్ళి, కొంతకాలమునకు లండనులో డాక్టరు స్కాట్ అను ఆయన యింట చేరెను. సామానుతో గడప తొక్కునప్పటికి తల నెరసిన డాక్టరు, భార్య, పెద్ద కుమార్తె మాత్రమే కనబడిరి. భారతీయు డొకడు వచ్చుచున్నాడని జడిసి చిన్న కుమార్తెలిద్దరు బంధువుల యింటికి తరలిపోయిరి! వచ్చినవానివలన ప్రమాదము లేదని తెలిసిన పిదపనే వారు తిరిగివచ్చిరి.

అచిరకాలముననే రవీంద్రుడు ఆ యింటి బిడ్డయయ్యెను. గృహిణి భర్తకు చేయు సేవను, ఇల్లు నడుపు ఓర్పును చూచి, పతిభక్తి యేదో మన దేశపు సొత్తన్న భ్రమ ఆయనకు తొలగెను. పిల్లలందరు చేరి చిన్న బల్లపై వ్రేళ్ళుంచి దానిని కదలించు ఆట ఆడుచుండిరి. ఆమెకది నచ్చకున్నను సహించెను. ఒకనాడు డాక్టరుగారి టోపీతో అదే ప్రయోగము చేయబోగా పరుగున వచ్చి వారించెను. భర్త తలపై పెట్టుకొను టోపీని సైతాను క్షణమైనను తాకుట ఆమె కోర్వరానిది.

ఆ రోజులలోనే భారతదేశమున పెద్ద యుద్యోగము చేసి మరణించిన ఒక ఆంగ్లేయుని భార్య రవీంద్రునిచేత, తన భర్తను గూర్చిన విలాపగీతమును విందులలో పాడించుచుండెడిది. కాదనలేని మొహమాటము ఆయనది. ఒకమారు ఆమె పిలువగా దూరము పోయి, రైలు చిక్కులవలన రాత్రి ఆలస్యముగా చేరెను. భోజనము లేదు, తేనీరు మాత్రము. బస సత్రములో. మరునాడు జబ్బుపడిన ఒక మహిళ కొరకు, మూసిన తలుపు వెలుపల మెట్లపై నిలిచి పాడవలసివచ్చెను. లండనునకు తిరిగివచ్చి మంచము పట్టిన ఆయనను చూచి స్కాట్ కుమార్తెలు, ఇది ఆంగ్లేయుల ఆతిథ్యమని తలపవలదని ప్రాధేయపడిరి; ఇదంతయు ఇండియా ఉప్పు తినిన ఫలమనిరి! మొదట జడిసి ఇల్లు విడిచినవారు వీరిలోని వారే.

1880లో తండ్రి పిలుపుపై, పట్టము లేకయే రవీంద్రుడు స్వదేశమునకు బయలుదేరెను. స్కాట్ గృహిణి ఆయన రెండు చేతులును పట్టుకొని, ఇంత త్వరలో పోవలసియున్నచో మావద్ద కేల వచ్చితివని కన్నీరు పెట్టుకొనెను. ముప్పదియేండ్లు దాటిన పిమ్మట ఆయన ఆత్మకథ వ్రాయునాటికి ఆ కుటుంబములో కొందరు గతించిరి. మిగిలినవా రెచ్చటనున్నారో ఆయనకు తెలియదు.