కడుగుట, ఉతుకుట, స్నానము చేయుట
(రావులపాలెం సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



గౌతమి ఒడ్డున కాపురముండే మనకు నీటికి కొదువ లేదు. నీటితో చేసే పనులకు మాటల కొదువా లేదు. బియ్యము కడుగుతాము, గిన్నెలు కొబ్బరిపీచుతో తోముతాము, బట్టలు ఉతికి జాడిస్తాము, పండుగనాడు తలంటుకుంటాము. కాళ్ళు ఉతుక్కున్నామంటే చిన్నపిల్లలు సైతం నవ్వుతారు. కాని పాపము సంగతి వచ్చేసరికి అన్నిటికీ "కడుగుట" అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాము. లేఖనములు అలా చేయలేదు.

క్రొత్త నిబంధన గ్రీకులో చేతులు, కాళ్ళు, ముఖము కడుగుటకు 'నిప్తో', ఒళ్ళంతా స్నానము చేయుటకు 'లూవో', బట్టలు ఉతుకుటకు 'ప్లూనో' అని మూడు మాటలున్నవి. యోహాను సువార్త 13:10లో మొదటి రెండూ ప్రక్కప్రక్కనే వచ్చినవి. చేతులు, తల కూడ కడుగుమని పేతురు అడిగితే, స్నానము చేసినవానికి పాదములు కడుగుకొనుట చాలునని ప్రభువు జవాబు. రేవులో స్నానము చేసి ఇంటికి నడచి వచ్చినవాని కాళ్ళకు దుమ్ము అంటుతుంది. అంతమాత్రాన అతడు మరల రేవుకు పోడు. గుమ్మము ముందు చెంబెడు నీళ్ళతో కాళ్ళు కడుగుకొని లోపలికి వస్తాడు. బాప్తిస్మము పొందిన తరువాత తప్పటడుగు వేసి, దేవుడు ఇక తమను చేర్చుకొనడని కుమిలే విశ్వాసులు మన సంఘములలో ఉన్నారు. వారికి కావలసినది రెండవ స్నానము కాదు, అనుదిన పశ్చాత్తాపము.

హెబ్రీ భాషలోను ఒళ్ళు కడుగుటకు 'రాహత్స్', బట్టలు ఉతుకుటకు 'కాబస్' అని వేరు మాటలున్నవి. 51వ కీర్తన 2వ వచనములో మన తెలుగు బైబిలు "కడుగుము" అన్నచోట ఉన్నది 'కాబస్'. పైపైన నీళ్ళు చల్లితే పోయే మరక కాదని ఎరిగి, బట్టను ఉతికినట్లు తన్ను ఉతుకుమని కీర్తనకారుడు వేడుకొన్నాడు. ఉతికే బట్టకు బండదెబ్బా, పిండుడూ తప్పవు. ప్రకటన 7:14లో మాత్రము మన అనువాదకులు వస్త్రములు "ఉదుకుకొని" అనే వ్రాసి చక్కని మేలు చేసినారు.

ఇక్కడ మేము ఒక్క మనవి చేస్తాము. ఇది చాకిరేవు మాట. మలాకీ 3:2 సైతము రానున్న ప్రభువును చాకలివాని సబ్బుతో పోల్చినది. దేవుడు తన పనికి పోలికగా తీసికొన్న వృత్తిని, తరతరాలుగా ఊరి మైలబట్టలు మోసిన రజక సోదరులను మనము తక్కువగా చూడజాలము. శుభ శుక్రవారమునకు ముందురోజు గుడిలో పాదములు కడుగుతాము, మంచిదే. ప్రేమవిందు ముగిసిన తరువాత గిన్నెలు తోమే చేతులు ఎవరివో కూడ చూడండి. ఏటేటా అవే చేతులైతే, ఈ శతవత్సర సంవత్సరములోనైనా పెద్దలమైన మనము ఆ పీచు అందుకొందాము.

పిలాతు కూడ కడుగుకొన్నాడు, తన చేతులను మాత్రమే. ప్రభువు ఇతరుల పాదములు కడిగెను. ఈ రెంటికీ గల భేదము మన సంఘములో కనబడును గాక. ఆమేన్.