ఫ్యాక్టరీ మూతపడితే తప్పెవరిది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఆనాడు మాకు లెక్కలూ సైన్సూ నేర్పి, ఈ రోజు ముందు వరసలో కూర్చున్న మా మాస్టార్లకు పాదాభివందనాలు. నా మాటల్లో అంకెలు వస్తాయి. తప్పుంటే అక్కణ్ణుంచే సరిదిద్దండి, మాకు అలవాటే.

నేను 1985 పదో తరగతి బ్యాచ్. వాహనాల విడిభాగాల తయారీలో, నాణ్యత విభాగంలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాను. కాకినాడ వచ్చినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫలానా కార్ల కంపెనీ మూసేశారటగా, గవర్నమెంటు తప్పా, ఆ కార్లే బాగోవా?" ఈ రెంటిలో ఏదో ఒకటి చెప్పేస్తే అడిగినాయన తృప్తిగా కాఫీ తాగి వెళ్తాడు. నిజం మాత్రం చాలాసార్లు ఈ రెంటికీ అవతల ఉంటుంది.

మన కాకినాడ పోర్టు స్టేషన్లో బయల్దేరే సర్కార్ ఎక్స్‌ప్రెస్ చెన్నై దాటి చెంగల్పట్టు మీదుగా వెళ్తుంది. చెంగల్పట్టుకు కాస్త ముందే మరైమలై నగర్. ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ అక్కడే. 2021 సెప్టెంబరు 9న ఆ కంపెనీ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది. మరైమలై నగర్‌లోనూ గుజరాత్‌లోని సానంద్‌లోనూ కలిపి దాదాపు 4,000 మంది ఉద్యోగుల మీద దెబ్బ పడింది. విడిభాగాలు చేసిచ్చే చిన్న కంపెనీలవాళ్లు, క్యాంటీన్ నడిపేవాళ్లు, కార్మికులను దింపే బస్సుల డ్రైవర్లు ఆ లెక్కలో లేరు.

మర్నాటి నుంచే నిందలు మొదలయ్యాయి. కేంద్రం పన్నులని ఒకరు, రాష్ట్రం పట్టించుకోలేదని ఒకరు, యూనియన్లని ఒకరు, ఆ కార్లకి మెయింటెనెన్సు ఎక్కువని ఇంకొకరు. ఒక్కొక్కటీ పరీక్షించి చూద్దాం. అప్పుడు తమిళనాడులో డీఎంకే ప్రభుత్వం, గుజరాత్‌లో బీజేపీ ప్రభుత్వం. రెండు వేరు వేరు పార్టీలు పాలిస్తున్న రాష్ట్రాల్లోని ఫ్యాక్టరీలు ఒకే ప్రకటనతో మూతపడ్డాయి. పన్నులే కారణమైతే, అవే పన్నులు కడుతూ పక్కనే శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్ ఎలా నడుస్తోంది? పోనీ పనితనం బాగోలేదా అంటే, మరైమలై నగర్‌లో చేసిన ఎకోస్పోర్ట్‌ని అమెరికాకే ఎగుమతి చేశారు.

అసలు కారణం సంఖ్య. ఆ రెండు ఫ్యాక్టరీలూ కలిసి ఏడాదికి 4 లక్షలకు పైగా కార్లు చేయగలవు. చివరికి చేస్తున్నది అందులో దాదాపు అయిదో వంతు. పదేళ్లలో నష్టం 200 కోట్ల డాలర్లు దాటిందని కంపెనీయే చెప్పింది. పెయింట్ షాపులో ఓవెన్‌ని వంద బాడీల కోసం వేడి చేసినా ఇరవై బాడీల కోసం వేడి చేసినా ఖర్చు ఇంచుమించు ఒకటే. వెయ్యిమంది వచ్చినా వందమందే వచ్చినా కల్యాణమండపం అద్దె తగ్గదు కదండీ! మన కొనుగోలుదారుకు ఏ కారు కావాలి, ఏ ధరకు కావాలి, కొత్త మోడల్ ఎప్పుడు దింపాలి అన్న నిర్ణయాలు ఏళ్ల ముందే, ఎక్కడో పైఅంతస్తులో జరుగుతాయి. వాటి ఫలితం మాత్రం షిఫ్టుకొచ్చిన కార్మికుడి మీద పడుతుంది.

ఇది మనకు కొత్త కథేం కాదు. 1980లలో మన ఉమ్మడి రాష్ట్రంలోనే, జహీరాబాద్‌లో, ఆల్విన్ నిస్సాన్ వ్యాన్లు తయారయ్యేవి. హైదరాబాద్ ఆల్విన్ మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, సాంకేతికత జపాన్‌ది. బండి మంచిదే. కానీ 1985 తరవాత జపాన్ యెన్ విలువ బాగా పెరిగి, దిగుమతి చేసుకునే భాగాలు ఖరీదైపోయాయి. 1986లో టాటా 407 వచ్చింది. మంచి బండి నిలబడలేక కంపెనీ మహీంద్రా చేతికి వెళ్లింది. ఆ జహీరాబాద్‌లో ఇవాళ మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి.

కారు వల్లే మూతపడ్డ ఫ్యాక్టరీ లేదా అంటే, ఉంది. పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. 1950ల నాటి డిజైను చివరిదాకా పెద్దగా మారలేదు. మార్చవద్దని లైనులో నట్లు బిగించే మనిషి చెప్పలేదు కదా.

నాణ్యత ఎవరి చేతిలో ఉంటుందో తెలియాలంటే అమెరికాలో ఫ్రీమాంట్ సంగతి చెప్పుకోవాలి. కాలిఫోర్నియాలోని ఆ ఫ్యాక్టరీని జనరల్ మోటార్స్ 1982లో మూసేసింది. అక్కడి కార్లకూ కార్మికులకూ కూడా చెడ్డపేరే. 1984లో టయోటాతో కలిసి నమ్మి అనే పేరుతో దాన్నే మళ్లీ తెరిచారు. కార్మికుల్లో ఎక్కువమంది పాతవాళ్లే, యూనియనూ పాతదే. మారింది పద్ధతి. లోపం కనపడితే తాడు లాగి లైను ఆపే అధికారం మామూలు కార్మికుడికిచ్చారు. కొద్దికాలంలోనే ఆ కంపెనీ ఫ్యాక్టరీలన్నిట్లో నాణ్యతకు అది పేరు తెచ్చుకుంది. అంతటి ఫ్యాక్టరీ కూడా, జనరల్ మోటార్స్ దివాలా తీసి తప్పుకున్నాక, 2010లో మూతపడింది. కాబట్టి మంచి పనితనం ఉద్యోగానికి పూర్తి భరోసా ఇవ్వదు. ఉద్యోగం పోయినంత మాత్రాన పనితనం చెడ్డదనీ కాదు.

ఇక మన రాష్ట్రం. పెనుకొండ దగ్గర కియాకు 2017లో తెలుగుదేశం హయాంలో ఒప్పందం జరిగింది. 2019 ఆగస్టులో సెల్టోస్ బయటికి వచ్చేనాటికి వైఎస్సార్ కాంగ్రెస్ అధికారంలో ఉంది. 2020 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ తమిళనాడుకు తరలిపోతోందని ఒక వార్త వచ్చింది. కంపెనీ కాదంది, ప్రభుత్వం కాదంది. అయినా మీవల్లంటే మీవల్లని ఎంత గోల జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2023 జూలైలో అదే ఫ్యాక్టరీలో పది లక్షలో కారు తయారైంది.

అయితే రాజకీయాలకు ఏ బాధ్యతా లేదని నేననడం లేదు. మూతపడ్డాకే అసలు బాధ్యత మొదలవుతుంది. సానంద్ ఫ్యాక్టరీని టాటావాళ్లు తీసుకోవడానికి 2022 మే నెలాఖరులో గుజరాత్ ప్రభుత్వం కూడా చేరి ఒప్పందం కుదిరింది. అర్హులైన ఉద్యోగులకు టాటాలో ఉద్యోగాలు ఇచ్చారు. సరిగ్గా అదే రోజుల్లో, కొనేవాళ్లెవరూ ముందుకు రాక, మరైమలై నగర్ కార్మికులు పరిహారం కోసం ఫ్యాక్టరీలోనే సమ్మెకు కూర్చున్నారు. కంపెనీ ఒకటే, ప్రకటన ఒకటే, బతుకులు మాత్రం రెండు దారులయ్యాయి. నాయకుల్ని నిలదీయాల్సింది ఇక్కడండి. ఎన్ని నెలల జీతం ఇస్తున్నారు? ఫ్యాక్టరీ ఎవరు తీసుకుంటున్నారు? దాంతోపాటు మనుషుల్నీ తీసుకుంటారా? కాంట్రాక్టు కార్మికుల సంగతేమిటి? నీ పార్టీ, నా పార్టీ అని మనం కొట్లాడుకుంటున్నంతసేపూ ఈ ప్రశ్నలు అడిగేవాడు ఉండడు.

మా రంగంలో నేను చూస్తున్నది ఒకటి చెప్పి ముగిస్తాను. నలభై అయిదేళ్లకు ఉద్యోగం పోయినవాడు సొంతూళ్లో ఆ మాట చెప్పడు. ఫోనెత్తడు, సంక్రాంతికి రాడు. వస్తే, "మీ కార్లు బాగోవటగా" అని ఎవరో ఒకరు అంటారని భయం. ఇంటి లోనూ పిల్లల ఫీజులూ ఒక బరువైతే, ఈ మాట ఇంకో బరువు. మనం సరదాకి అంటాం, వాడికి ముల్లులా దిగుతుంది.

అందుకని మన సంఘానికి ఒక మనవి. మనలో పరిశ్రమలు నడిపేవాళ్లున్నారు, లాయర్లున్నారు, బ్యాంకులవాళ్లున్నారు. ఉద్యోగం పోయిన మన బడి పిల్లలు, ఏ బ్యాచ్ వాళ్లైనా సరే, మొహమాటం లేకుండా ఫోను చేయడానికి మనలో ఇద్దరు ముగ్గురి నంబర్లు ఉంచుదాం. ఎక్కడ ఖాళీలున్నాయో చెబుదాం, పరిహారం కాగితాల మీద సంతకం పెట్టేముందు ఒకసారి చదివిపెడదాం. మొదటి నంబరు నాది రాసుకోండి.