చెవికి అందిన చుక్కలు

ఖగోళశాస్త్రం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది టెలిస్కోపు, దానికి ఆనించిన కన్ను. పెళ్లిలో అరుంధతిని చూపించే దగ్గర్నుంచి గ్రహణం పట్టిందా విడిచిందా అని చూసేదాకా మన ఇళ్లలోనూ ఆకాశంతో సంబంధమంతా చూపుతోనే. చూపు లేని పిల్లలకు ఈ శాస్త్రంతో ఏం పని అని ఎవరూ పైకి అనరు. అనాల్సిన అవసరమే రాదు. ఆ పాఠం వచ్చినప్పుడు వాళ్లను పక్కన కూర్చోబెట్టడం మామూలైపోయింది. ఈ పూట నేను పరిచయం చేయబోయే విద్య ఆ మామూలును ప్రశ్నిస్తుంది. ఆకాశం నుంచి అందిన కొలతలను చెవికి వినిపించే ధ్వనిగా మార్చడం ఆ విద్య. శాస్త్రజ్ఞులు దాన్ని సోనిఫికేషన్ అంటారు. చూపు లేనివారి మీద జాలితో చేసిన ఏర్పాటుగా దీన్ని చెబుతుంటారు. అలా చెప్పడం నాకు సమ్మతం కాదు. గడప బయట ఉండిపోయినవారికి లోపల చోటు దొరికినప్పుడల్లా బాగుపడింది ఖగోళశాస్త్రమే అని నా వాదన. దానికి సాక్ష్యాలున్నాయి, దాని మీద అభ్యంతరాలూ ఉన్నాయి. రెండింటినీ మీ ముందు పెడతాను.

ముందుగా కన్ను సంగతి. విశ్వం నుంచి మనకు చేరే సమాచారంలో కంటికి కనిపించే వెలుగు ఒక చిన్న పాయ మాత్రమే. రేడియో తరంగాలు, పరారుణ కిరణాలు, ఎక్స్‌రేలు, గామా కిరణాలు ఎంత మంచి చూపున్నవారి కంటికైనా ఆనవు. 1930ల మొదట్లో అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ అనే ఇంజనీరు, సముద్రం మీదుగా సాగే రేడియో టెలిఫోన్ సంభాషణలకు అడ్డుపడే రొద ఎక్కణ్నుంచి వస్తోందో వెతుకుతూ, పాలపుంత నడిబొడ్డు వైపు నుంచి వస్తున్న సన్నటి బుసను పట్టుకున్నాడు. రేడియో ఖగోళశాస్త్రం అలా మొదలైంది. 2015 సెప్టెంబర్ 14న లైగో పరికరాలకు అందిన మొట్టమొదటి గురుత్వ తరంగం రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పటిది. అందులో కంపనాలు సెకనుకు సుమారు 35 నుంచి 250 దాకా పెరిగాయి. మనిషి చెవి వినగల హద్దుల్లోనే ఉన్నాయి కాబట్టి వాటిని స్పీకరుకు కలిపి లోకానికి వినిపించారు. మరి జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసే అందమైన ఫొటోల మాటేమిటంటారా? అది ప్రధానంగా చూసేది పరారుణ కాంతిని, భూమికి పంపేది అంకెలను. ఏ అంకెకు ఏ రంగు వేయాలో ఇక్కడ మనుషులు కూర్చుని నిర్ణయిస్తారు. అంకెలకు రంగు వేసి బొమ్మ చేయడం శాస్త్రమైనప్పుడు, అవే అంకెలకు స్వరం కట్టి వినిపించడం శాస్త్రం కాకుండా ఎలా పోతుంది?

స్వరం కట్టడం అంటే ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. ఒక నక్షత్రం వెలుగును కొన్ని రోజులపాటు గంటగంటకూ కొలిచారనుకోండి. వెలుగు పెరిగితే శ్రుతి పైకి వెళ్లాలని, తగ్గితే కిందికి దిగాలని కంప్యూటరుకు చెబుతారు. రోజుల తరబడి తీసిన కొలతలు అర నిమిషంలో చెవిన పడతాయి. నక్షత్రం నిలకడగా వెలుగుతుంటే తంబురా మీటినట్టు ఒకే శ్రుతి సాగిపోతుంది. సూర్యుడంత నక్షత్రం ముందు నుంచి బృహస్పతి అంత గ్రహం దాటిపోయిందనుకోండి, వెలుగు నూటికి ఒక వంతు తగ్గుతుంది. ఆ కాసేపూ శ్రుతి దిగి, మళ్లీ పాత చోటికి ఎక్కుతుంది. అదే దిగుడు సమాన వ్యవధిలో మళ్లీ మళ్లీ వినిపిస్తే అక్కడ గ్రహం ఉందేమో అని వెతకవచ్చు. బొమ్మలనూ ఇలా వినిపించవచ్చు. మన ఖగోళశాస్త్రజ్ఞుడు చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు బృందం 2020లో పాలపుంత కేంద్రం చిత్రాన్ని ధ్వనిగా మార్చి విడుదల చేసింది. ఎడమ నుంచి కుడికి ఒక గీత జరుగుతూ ఉంటుంది. బొమ్మలో పైనున్న చుక్క పై స్థాయిలో పలుకుతుంది, కిందనున్నది కింది స్థాయిలో. ప్రకాశం ఎంత ఉంటే అంత బిగ్గరగా. గీత కుడివైపుకు చేరి, మహా కృష్ణబిలం ఉన్న ప్రాంతాన్ని తాకేసరికి ధ్వని ఉప్పొంగుతుంది.

ఈ విద్యను ప్రదర్శన దగ్గర ఆగనివ్వకుండా పరిశోధనలోకి తెచ్చినవారిలో ముఖ్యురాలు వాండా డియాస్-మెర్సెద్. ఆమెది ప్యూర్టోరికో. భౌతికశాస్త్రం చదువుకునే రోజుల్లోనే మధుమేహం వల్ల ఆమె చూపు పోయింది. గ్రాఫులు, బొమ్మల మీద నడిచే శాస్త్రంలో చూపు పోవడమంటే చదువు అక్కడితో ఆగిపోయినట్టే. ఆమె ఆపలేదు. నాసా గొడార్డ్ కేంద్రంలో కొలతలను శబ్దంగా మార్చే సాఫ్ట్‌వేర్ తయారీలో పాలుపంచుకుంది. గ్లాస్గో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు అందుకుంది. నా వాదనకు కావలసింది ఆమె పట్టుదల కథ కన్నా ఆమె పరిశోధన తేల్చిన విషయం. చూపున్న ఖగోళశాస్త్రజ్ఞులకే రొదలో కూరుకుపోయిన సంకేతాలను ఇచ్చి పరీక్షించినప్పుడు, గ్రాఫు చూస్తూ శబ్దం కూడా విన్నవారు బలహీనమైన సంకేతాలను మెరుగ్గా పట్టుకోగలిగారు. చూపు లేని మనిషి తన అవసరం కొద్దీ వెతుక్కున్న దారి చూపున్నవారికీ పనికొచ్చింది.

ఇది ఒక్కరి అనుభవం మాత్రమే కాదు. 1981 ఆగస్టులో వాయేజర్-2 నౌక శనిగ్రహ వలయాల తలాన్ని దాటింది. ఆ సమయంలో ప్లాస్మా తరంగాల పరికరం పంపిన కొలతలు గీతలుగా గీస్తే అంతుపట్టని రొదలా ఉన్నాయి. వాటినే శబ్దంగా మార్చి వింటే నౌక మీద వడగళ్లు కురిసినట్టు టపటపా వినిపించింది. కంటికి కనిపించనంత సన్నని ధూళి రేణువులు మహావేగంతో నౌకకు తగిలినప్పుడు పుట్టిన సంకేతాలవి. ఆ పరికరాన్ని నడిపిన వారందరికీ చూపుంది. కన్ను తేల్చలేనిదాన్ని చెవి తేల్చింది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఇప్పుడు కంప్యూటర్లే సంకేతాలను వెతికిపెడుతుండగా చెవితో పనేముంది అని. కంప్యూటరు మనం వెతకమన్నదాన్నే బాగా వెతుకుతుంది. 1967లో జోస్లిన్ బెల్ కేంబ్రిడ్జిలో మీటర్ల కొద్దీ కాగితం చుట్టల మీద గీతలను స్వయంగా పరిశీలిస్తూ, ఏ కోవకూ చెందని ఒక చిన్న గజిబిజిని గమనించబట్టే పల్సార్లు అనే నక్షత్రాలు బయటపడ్డాయి. ఊహించనిదాన్ని గుర్తుపట్టే పని ఇంకా మనిషి ఇంద్రియాలదే. ఆ పనికి ఒక ఇంద్రియం బదులు రెండు వాడితే నష్టమేమీ లేదు. రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది. బయట వినిపిస్తున్న సోనిఫికేషన్లలో చాలాభాగం సంగీతం కోసం చేసినవే, విని ఆనందించడమే తప్ప వాటిలోంచి కొలతను తిరిగి రాబట్టలేం అంటారు. ఇది ఒప్పుకోవలసిన మాటే. ప్రకాశాన్ని శ్రుతితో చెప్పాలా, బిగ్గరతనంతో చెప్పాలా అన్న దానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఇంకా కుదరలేదు. కానీ గ్రాఫు చదవడం కూడా ఎవరికీ పుట్టుకతో రాదు. దానికి గీతల కాగితం ఉంది, అక్షాలకు పేర్లున్నాయి, బడిలో ఏళ్ల తరబడి సాధన ఉంది. చెవికి ఆ పాటి సాధన, ఆ పాటి నియమాలు ఏర్పడ్డాక బేరీజు వేయడం న్యాయం.

గడప బయటివారి గురించిన నా వాదనకు ఇప్పుడు అసలైన సాక్ష్యం చెబుతాను. విశ్వం ఎంత పెద్దదో మనకు చెప్పిన కొలబద్ద ఇద్దరి చేతుల మీదుగా వచ్చింది, ఆ ఇద్దరూ వినికిడి సమస్య ఉన్నవారే. మొదటివాడు జాన్ గుడ్రిక్. 1764లో పుట్టాడు, పసితనంలోనే జబ్బు చేసి చెవులు వినిపించకుండా పోయాయి. ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో రాత్రిళ్లు ఆల్గాల్ అనే నక్షత్రాన్ని చూస్తూ, అది 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి మసకబారుతుందని దాదాపు సరిగ్గా లెక్కకట్టాడు. ఏదో చీకటి గోళం దాని ముందు నుంచి అడ్డుగా తిరుగుతోందేమో అని సూచించాడు. 1783లో రాయల్ సొసైటీ అతనికి కోప్లీ పతకం ఇచ్చేనాటికి వయసు 19. మరుసటి ఏడు డెల్టా సెఫై అనే నక్షత్రం వెలుగు ఐదు రోజులకు పైచిలుకు వ్యవధిలో పెరిగి తరుగుతుందని కనిపెట్టాడు. 21 ఏళ్లకే కన్నుమూశాడు. ఆ కోవ నక్షత్రాలకు ఆ నక్షత్రం పేరుతోనే సెఫీడ్‌లు అని పేరు వచ్చింది.

రెండో మనిషి హెన్రియెట్టా స్వాన్ లెవిట్. అమెరికాలో హార్వర్డ్ అబ్జర్వేటరీలో పనిచేసింది. వయసుతోపాటు ఆమె వినికిడి తగ్గుతూ వచ్చింది. ఆడవాళ్లను టెలిస్కోపు దగ్గరికి రానివ్వని రోజులవి. వాళ్లకు ఇచ్చిన పని గాజుపలకల మీద ఫొటోలుగా పడిన నక్షత్రాలను కొలవడం. లెవిట్ వేర్వేరు తేదీల్లో తీసిన పలకలను, ఒకటి నెగటివ్, ఒకటి పాజిటివ్, ఒకదానిపై ఒకటి పెట్టి, ఏ చుక్క పరిమాణం మారిందో వెతికేది. అలా మాగెల్లాన్ మేఘాలలో 1,777 చంచల నక్షత్రాలను గుర్తించి 1908లో ప్రకటించింది. 1912లో 25 సెఫీడ్‌లను పట్టిక వేసి, మినుకుమనే వ్యవధి ఎంత ఎక్కువైతే నక్షత్రం అసలు వెలుగు అంత ఎక్కువని తేల్చింది. వ్యవధి కొలిస్తే అసలు వెలుగు తెలుస్తుంది, అసలు వెలుగు తెలిస్తే దూరం తెలుస్తుంది. 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్‌ను పట్టుకుని, అది మన పాలపుంతకు ఆవల ఉన్న వేరే గెలాక్సీ అని నిరూపించింది ఈ సూత్రంతోనే. ఇలాంటి ఓపిక పనిలో పేరు లేకుండా పోయినవారు ఇంకెందరో. అంతర్జాతీయ ఆకాశ పటం కోసం వాటికన్ అబ్జర్వేటరీ తరఫున నలుగురు సన్యాసినులు 4,81,215 నక్షత్రాల స్థానాలు కొలిచారు. వాళ్ల పేర్లు 2016 దాకా లోకానికి తెలియలేదు. అదే ఆకాశ పటంలో మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీకీ ఒక వాటా ఉంది.

ప్రతిభ ఉంటే ఎవరైనా ఎలాగోలా పైకి వస్తారు, దానికి ప్రత్యేక ఏర్పాట్లెందుకు అని అడిగేవారున్నారు. గుడ్రిక్, లెవిట్‌లనే అందుకు ఉదాహరణగా చూపిస్తారు కూడా. చెవులు వినబడకపోవడం వల్ల వాళ్లు గొప్పవాళ్లయ్యారని నేను అనడం లేదు. వాళ్ల ముందు ఒక దారి తెరిచి ఉంది అంటున్నాను. గుడ్రిక్‌ది కలిగిన కుటుంబం. బధిరుల కోసం ఎడింబరోలో థామస్ బ్రెయిడ్‌వుడ్ నడిపిన బడికి అతన్ని పంపగలిగారు. ఎడ్వర్డ్ పిగట్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు అతనికి స్నేహితుడై తోడు నిలిచాడు. ఆ బడికి డబ్బు కట్టలేని కుటుంబాల్లో పుట్టిన బధిర పిల్లల్లో ఎందరు ఆకాశం వైపు చూశారో చరిత్ర చెప్పదు. ఇక హార్వర్డులో ఆడవాళ్లను పెట్టుకోవడానికి తక్కువ జీతానికి దొరుకుతారన్నది కూడా ఒక కారణం. అంత పిసినారితనంతో సందు తెరిస్తేనే విశ్వానికి కొలబద్ద దొరికింది. బార్లా తెరిస్తే ప్రమాణాలు పడిపోతాయని భయపడేవారు ముందు ఈ లెక్క చూడాలి. చుక్కల దూరం కొలిచే ప్రమాణమే అలా వచ్చింది.

ఖర్చు సంగతికి వస్తే, కొద్దిమంది కోసం ఇంత శ్రమా అనే మాట మన దగ్గర తరచు వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపు లోపం ఉన్నవారు సుమారు 50 లక్షలు, వినికిడి లోపం ఉన్నవారు ఇంచుమించు అంతే. వీరిని కొద్దిమంది అనలేం. పరీక్షల్లో చూపు లేని విద్యార్థులకు బొమ్మలు, గ్రాఫుల ప్రశ్నలకు బదులు వేరే ప్రశ్నలు ఇస్తారు. మార్కులకు అది న్యాయమే. గ్రాఫు చెప్పే సంగతి ఆ బిడ్డకు అందిందా అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది. అడ్డంకి ఎప్పుడూ శరీరంలోనే ఉండదు కూడా. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేల మీదుగా సాగింది. హైదరాబాదుకు దగ్గర్లోని జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రజ్ఞులు దాన్ని పరిశీలిస్తుండగా, నిక్షేపమైన చూపున్న జనం తలుపులు బిగించుకుని ఇళ్లలో కూర్చున్నారు. గర్భిణులనైతే కదలనివ్వలేదు. జీవితంలో ఒక్కసారి దొరికేదాన్ని భయం వారికి దక్కకుండా చేసింది. భయం పోగొట్టేలా మన భాషలో విడమరిచి చెప్పడమూ, అంకెలకు స్వరం కట్టడమూ ఒకే పనిలో రెండు భాగాలని నేను అనుకుంటాను.

2017 ఆగస్టు 21న అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు, హార్వర్డు ఖగోళశాస్త్రజ్ఞులు వాండాతో కలిసి తయారుచేసిన లైట్‌సౌండ్ అనే చిన్న పెట్టెను వాడారు. అందులో ఉన్నది వెలుగును కొలిచే సెన్సర్, దాన్ని శబ్దంగా మార్చే చిన్న సర్క్యూట్. ఆ పెట్టె తర్వాతి రూపంలో ఎండ బాగా ఉన్నంతసేపూ వేణువు వినిపిస్తుంది, వెలుగు తగ్గేకొద్దీ స్వరం క్లారినెట్‌కు దిగుతుంది, చీకటి కమ్మినప్పుడు టిక్కు టిక్కుమనే శబ్దం మిగులుతుంది. చూపు లేనివారు గ్రహణాన్ని మొదటి నుంచి చివరిదాకా తమంతట తాము అనుసరించగలిగారు, పక్కవాళ్లు చెబితే వినాల్సిన పని లేకుండా. ఆ పెట్టెను ఎలా తయారుచేయాలో వివరాలన్నీ ఎవరైనా ఉచితంగా వాడుకునేలా బయటపెట్టారు. 2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా కంకణ సూర్యగ్రహణం వస్తోంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పాక్షికంగా కనిపిస్తుంది. ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులకూ, సైన్సు ఉపాధ్యాయులకూ నా విన్నపం ఒకటే: ఆ రోజుకు మీ జిల్లాలోని అంధుల పాఠశాలకు అలాంటి పెట్టె ఒకటి తయారుచేసి ఇవ్వండి. అది ఎలా పలకాలో ఆ పిల్లలనే అడిగి తయారుచేయండి.